కాలు విరిగిందా? ఇక పిల్లల్ని నవ్వించండి

కొత్త వృత్తి ఏదో ఆసుపత్రి మంచం మీదుండగానే తేల్చుకోవాలి. ఇంటికెళ్ళాక, నడక కుదుటపడ్డాక, ఏం చేయగలమో ఏం చేయలేమో చూసుకున్నాక ఆలోచిద్దాం అనుకుంటే సలహా చెప్పేవాళ్ళు దొరకరు. చుట్టాలు బత్తాయిలూ కొబ్బరిబోండాలూ పట్టుకుని మంచం చుట్టూ మూగేది ఆ నాలుగు రోజులే. సెలైన్ ఎక్కుతూ, నొప్పి ఇంజెక్షన్ మత్తులో తల అడ్డంగా ఊపే ఓపిక కూడా లేనప్పుడు జరిగిన నిర్ణయానికి తిరుగుండదు. మీరు కాదనలేదంటే ఔనన్నట్టే లెక్క.

వెనకటికి ఇంత ఆలోచన అక్కర్లేకపోయేది. కాలో చెయ్యో పోయినవాడికి ఎస్టీడీ బూత్ ఇప్పించేవారు. బూత్‌ల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. పసుపు బోర్డు, అద్దాల గది, ఒక కుర్చీ, బిల్లు కొట్టే చిన్న మిషను. దెబ్బ తిన్న మనిషిని కూర్చోబెట్టి అద్దాల్లో పెట్టేస్తే ఊరికి కూడా నిశ్చింత. సెల్‌ఫోన్ వచ్చి ఆ గదులన్నిటినీ ఊడ్చేసింది. అప్పట్నుంచి మన చుట్టాలకు జిరాక్స్ సెంటరు, కిరాణం, ఆన్‌లైన్‌లో ఏదో టైపింగు తప్ప మరోటి తోచట్లేదు. వాటిని పక్కన పెట్టండి. పిల్లల పుట్టినరోజు పార్టీల్లో వినోదం పంచే పనిలోకి దిగండి. దీనికి ఒళ్ళు వంచక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు, పిల్లలు దేవుళ్ళతో సమానం కాబట్టి తిట్టరు. ఈ మూడు మాటలూ నాకు చెప్పింది మా బావమరిది. అతను జన్మలో ఒక్క పార్టీ కూడా చేయించలేదు, కాబట్టి అతని మాటలో స్వార్థం ఉందనడానికి లేదు.

నా అర్హత కూడా చెప్పాలి. నేను కల్లు గీసేవాణ్ణి. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాను. తొడలో రాడ్డు వేశారు, మోకాలు ముడవదు. గీత కార్మికుడు జారినా కింద పడకుండా పట్టి ఆపే కిట్టుని కాటమయ్య రక్ష కవచం అన్న పేరుతో తెలంగాణ ప్రభుత్వం 2024లో పంచడం మొదలుపెట్టింది. నేను అంతకు ముందే పడ్డాను. ఏ పనికైనా టైమింగ్ ముఖ్యం, కామెడీకి మరీనూ.

ముందు కాగితాలు. సదరం క్యాంపులో 40 శాతం వైకల్యం ఉందని రాస్తేనే పింఛను. అది తెలంగాణలో నెలకు 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000. చాలామంది ఆ రోజు ముఖం వేలాడేసుకుని, నిజంగా ఉన్న నొప్పిని ఉన్నట్టే చెప్పి వస్తారు. మీరలా చేయొద్దు. మూడు బంతులు పట్టుకెళ్ళండి. డాక్టరు పేరు పిలవగానే గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ లోపలికి నడవండి. చేతులకు, నడుముకు, తూకానికి ఏ లోటూ లేదని ఆయనకే అర్థమవుతుంది. 39 శాతం రాసిస్తే దిగులు పడకండి. ఆ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటుంది, మీ ఐటమ్స్ వరసగా రాసుకోవచ్చు.

ఇంతలో ఎవరో ఒకరు మీకు ‘మయూరి’ సినిమా చూపిస్తారు. చూడండి, కానీ సగం ధ్యాసతో చూడండి. సుధా చంద్రన్‌కు 1981లో తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదం జరిగింది, కుడికాలు తీసేశారు. ఆవిడ జైపూర్ కాలు పెట్టుకుని మళ్ళీ భరతనాట్యం చేసింది, ఆ సినిమాలో ఆవిడ పాత్ర ఆవిడే వేసింది. ప్రమాదానికి ముందే ఆవిడ ఏళ్ళ తరబడి నాట్యం నేర్చుకున్న మనిషి అన్న సంగతిని చుట్టాలు చెప్పరు, మీరూ గుర్తు చేయొద్దు. ‘ఆమె చేసింది, నువ్వెందుకు చేయలేవు’ అన్న వాక్యం అందం చెడిపోతుంది. మీరు అంతకుముందు ఏనాడూ స్టేజీ ఎక్కని మనిషైతే మరీ మంచిది. అంచనాలు ఉండవు.

ఇంకో ధైర్యం కూడా ఉంది. లండన్‌లో జోసెఫ్ గ్రిమాల్డీ అనే విదూషకుడు ఉండేవాడు. నేటి సర్కస్ జోకర్లందరికీ మూలపురుషుడనదగ్గవాడు. దూకీ దొర్లీ పడీ లేచీ కీళ్ళన్నీ అరగదీసుకున్నాడు. 1828లో వీడ్కోలు ప్రదర్శన నాటికి యాభై నిండలేదు, అయినా నిలబడలేక కుర్చీలో కూర్చుని నవ్వించాడు. దీన్నిబట్టి ఈ పనికి ఒళ్ళు హూనమవుతుందని భయపెట్టేవాళ్ళుంటారు. లెక్క తిరగేసి చూడండి. ఆయన ఎన్నో ఏళ్ళు కష్టపడి ఆ కుర్చీ దాకా వచ్చాడు. మనం మొదలే కుర్చీ దగ్గర పెడుతున్నాం. ఎంత కాలం కలిసొచ్చింది!

ఇక ఏ శాఖ ఎంచుకోవాలి అన్నది. కొత్తవాళ్ళు బొమ్మ డ్రెస్సుతో మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఛోటా భీమ్‌ని తీసుకోండి. మన హైదరాబాదు పిల్లాడే, గ్రీన్ గోల్డ్ వాళ్ళ దగ్గర పుట్టి 2008లో టీవీకెక్కాడు. డ్రెస్సు అద్దెకు దొరుకుతుంది. లోపల స్పాంజి, పైన బొచ్చుగుడ్డ, మెడ మీద గుమ్మడికాయంత తల. ఆ తలలో చిన్న ఫ్యాను ఉందంటారు, అది తిరుగుతుందని మాత్రం ఎవరూ అనరు. చూపు బొమ్మ నోట్లోని జాలీలోంచి. ఎదురుగా నాలుగడుగుల దూరం కనిపిస్తుంది, కాళ్ళ దగ్గర ఏముందో కనిపించదు. మోకాలు ముడవనివాడికి ఇదొక వరం. మెట్టు కనిపిస్తేనే కదా భయం.

ఎండాకాలం సెలవుల్లో గిరాకీ ఎక్కువ. అప్పుడు మంచినీళ్ళు తాగకండి. జిప్పు వీపు వెనక ఉంటుంది, బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఇంకో మనిషి కావాలి, ఆ మనిషికి మీరు కూలి ఇవ్వాలి. కళ్ళు తిరిగితే పడండి. పిల్లలు అది కూడా ఐటమే అనుకుని చప్పట్లు కొడతారు. వెనక నుంచి తోక లాగేవాడు, లోపల మనిషున్నాడా లేడా అని కడుపులో గుద్ది చూసేవాడు ప్రతి పార్టీలోనూ ఒకడుంటాడు. ఛోటా భీమ్‌కి తోక లేదు కదా అంటారేమో, లేని తోకని కూడా లాగుతారు.

కృత్రిమ కాలు ఉన్నవాళ్ళకి చిన్న జాగ్రత్త. జైపూర్ కాలుని 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పీ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి మన బతుక్కి తగ్గట్టు తయారుచేశారు. పొలంలో దిగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకుని అన్నం తినొచ్చు, చెప్పుల్లేకుండా నడవొచ్చు. మిక్కీ మౌస్ బూటులో పట్టాలని మాత్రం వాళ్ళు అనుకోలేదు. బలవంతంగా తొడగండి. దూరదృష్టి లేకపోవడం వాళ్ళ తప్పు.

చంకకర్ర ఉన్నవాళ్ళు దాన్ని దాచాలి. ఇది నా ప్రధాన సూత్రం. బాల హనుమంతుడి వేషం వేసుకుని గదని తలకిందులుగా పట్టుకుంటే అదే ఊతకర్ర. లావు వైపు నేల మీద ఉంటుంది కాబట్టి జారదు కూడా. వామనుడికి గొడుగు ఉంది. అయితే త్రివిక్రముడి దాకా వెళ్ళొద్దు, రెండో అడుగు దగ్గరే కథ ఆగిపోతుంది, బలి చక్రవర్తి బతికిపోతాడు.

అసలు ఒళ్ళు కనిపించకూడదనుకుంటే తోలుబొమ్మలాట పట్టండి. తెర వెనక ఎవరున్నారో ఎవరికి తెలుసు? హాయిగా కూర్చుని కేతిగాడినీ బంగారక్కనీ ఆడించొచ్చు. ఇది మా బావమరిది సలహాయే. నిమ్మలకుంట అనే ఊళ్ళో ఆ ఆట ఆడేవాళ్ళు మనిషి ఎత్తు బొమ్మల్ని రెండు చేతులా పట్టుకుని, పాడుతూ, యుద్ధం వచ్చినప్పుడల్లా చెక్కల మీద కాళ్ళతో దడదడమని తొక్కుతారు. తెర ముందు కూర్చున్నవాళ్ళ కంటే తెర వెనకవాళ్ళకే ఎక్కువ చెమట. ఆటకు పిలిచేవాళ్ళు తగ్గి చాలామంది అదే తోలుతో దీపాల మీదకి షేడ్లు చేసి అమ్ముతున్నారు. మీరు చెక్క తొక్కే పనికి ఒక కాలు చాలనుకోండి. యుద్ధం ఒకవైపే జరుగుతుంది.

మిమిక్రీ గురించి ఎక్కువ చెప్పను. నేరెళ్ళ వేణుమాధవ్ పుట్టిన నేల మనది. ఎస్.వి. రంగారావు గొంతుతో మొదలుపెట్టండి. ఆయన పోయింది 1974లో, ఎదురుగా ఉన్నవాడికి అయిదేళ్ళు. వాడు నోరు తెరిచి చూస్తాడు. దాన్ని తన్మయత్వం అనుకోవాలి.

బుగ్గలు, అంటే బెలూన్లతో కుక్కలూ కత్తులూ చేయడం కూర్చుని చేసే పని. సన్నటి పొడుగు బెలూన్లను 260 అంటారు, రెండంగుళాల లావు, అరవై అంగుళాల పొడవు. అనుభవం ఉన్నవాళ్ళు చేతిపంపు వాడతారు, మెలి తిప్పినప్పుడు గాలి జరగడానికి తోక దగ్గర కొంచెం ఖాళీ వదులుతారు. మీకెందుకా పిరికితనం. చివరి దాకా నింపండి, నోటితోనే ఊదండి. పక్కటెముకలు విరిగినవాళ్ళకి ఇది వైద్యం కూడా. ఆసుపత్రిలో మూడు బంతుల గొట్టం ఇచ్చి అభ్యాసం చేయించారు కదా. అది గాలి పీల్చేది, ఇది ఊదేది. తేడా చిన్నదే.

కుర్చీ ఎత్తు గురించి ఒక మాట. మామూలు కుర్చీలోనో చక్రాల కుర్చీలోనో కూర్చుంటే మీ కళ్ళూ అయిదారేళ్ళ పిల్లల కళ్ళూ ఒకే ఎత్తులో ఉంటాయి. వాళ్ళు మీదికొచ్చేస్తారు, మోచేతుల మీద వాలతారు, చెవిలో రహస్యాలు చెబుతారు. కళాకారుడికి ఈ చనువు మంచిది కాదు. బార్లలో ఉండే ఎత్తు స్టూలు అడిగి తెప్పించుకోండి. ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాలి, దిగడానికి ముగ్గురు.

ఇప్పుడు అసలు చిక్కు. పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్ళలా పక్కకి తిరిగి చూడటం, ఇంటికెళ్ళాక మాట్లాడుకోవడం వాళ్ళకి రాదు. మొహం మీదే అడిగేస్తారు. “అంకుల్, నీ కాలు గట్లెందుకున్నది?” ఈ ప్రశ్నకు నిజం చెప్పొద్దు. మొసలి పట్టుకుందని చెప్పండి. మొసలి చెరువులో కాదు, బాత్‌రూమ్ పైపులోంచి వచ్చిందని చెబితే కథ రక్తి కడుతుంది. వారం పాటు ఆ పిల్లలెవరూ స్నానం చేయరు, వాళ్ళ అమ్మలు ఫోన్ చేసి మాట్లాడతారు. ఆ విధంగా మీ నంబరు పదిమంది దగ్గర చేరుతుంది.

నిజం చెప్పి నేను చూశాను, అందుకే వద్దంటున్నాను. ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, తాటిచెట్టు మీంచి పడ్డానని ఒక పిల్లకి చెప్పాను. “ఎంత పెద్ద చెట్టు?” అంది. మూడంతస్తులంత అన్నాను. “నొచ్చిందా?” నొచ్చింది. “లోపల ఇనుమున్నదా? మాగ్నెట్ అతుక్కుంటదా?” ఎవరో పరిగెత్తుకెళ్ళి ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చారు. అతుక్కోలేదు. అయ్యో అన్నవాడు లేడు, పాపం అన్నవాడు లేడు. “సరే, నాకు కుక్క చెయ్” అంది ఆ పిల్ల. చుట్టూ ఉన్నవాళ్ళంతా నాకు జిరాఫీ, నాకు కత్తి అని అరవడం మొదలుపెట్టారు. నేను ఆసుపత్రిలో అన్ని నెలలు పడుకుని సంపాదించుకున్న కథ ఒక్క నిమిషంలో అయిపోయింది. ఈ తరం పిల్లల్లో సానుభూతి లేదు. అది కావాలంటే పెద్దవాళ్ళ దగ్గరే వెతుక్కోవాలి. వాళ్ళు అన్నం తింటున్నంతసేపూ దూరం నుంచి చూసి నిట్టూరుస్తారు, సెల్ఫీ అడుగుతారు, మీకిచ్చిన ప్లేటులో ఒక గులాబ్‌జామ్ అదనంగా వేయిస్తారు.

వేదిక ఎక్కడం మరో కళ. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, జనం వచ్చిపోయే భవనాలు అందరికీ అనువుగా ఉండాలంది. ఫంక్షన్ హాలుకి ర్యాంపు ఉంటుంది కూడా, వెనకవైపు, డేక్షాల బండి కోసం. స్టేజీకి మాత్రం ఉండదు. గొడవ పెట్టుకోకండి. బిర్యానీ డేక్షాలతోపాటు లోపలికి రండి, పిల్లలెవరూ రాకముందే స్టేజీ ఎక్కి కూర్చోండి. పార్టీ ఏడింటికన్నారంటే కేకు కోసేది తొమ్మిదిన్నరకి. అంతసేపూ పుట్టినరోజు బ్యానర్ కింద కదలకుండా కూర్చుంటే కొందరు మిమ్మల్ని తాతగారనుకుని దండం పెట్టి వెళ్తారు.

డబ్బు దగ్గర మెత్తగా ఉండండి. “కాలు బాగలేదు కదా, డాన్స్ ఉండదు, ఒక అయిదొందలు తగ్గించుకోరాదే” అంటారు. తగ్గించండి. రెండు కాళ్ళూ బాగున్నవాడు కూడా డాన్స్ చేయలేదు కదా, పోయినేడు వాడికెంతిచ్చారు అని అడగడం మర్యాద కాదు. కొందరు బేరమాడకుండా రెట్టింపు ఇస్తారు, కళ్ళు తుడుచుకుంటారు, ఫోటో పెడతారు, మళ్ళీ పిలవరు. అలాంటివాళ్ళనే నమ్ముకోండి. విజిటింగ్ కార్డు మీద ‘దివ్యాంగ కళాకారుడు’ అన్న మాట మీ పేరు కంటే పెద్దగా వేయించండి.

నేను వేయించాను. అయినా ఈ మధ్య అదే అపార్ట్‌మెంట్ నుంచి మళ్ళీ ఫోనొచ్చింది. “మా పాప మీరే కావాలంటోంది. కార్డు ఎక్కడో పోయింది, మీరేనా కుంటుతారు చూడండి, ఆయన” అని ఆ తల్లి అడుగుతుంటే, వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది, “కుంటే అంకుల్ కాదమ్మా, కుక్క అంకుల్” అని. ఇటువంటి నష్టం మీకు జరగకూడదు. అక్షరాలు ఇంకా పెద్దవి చేయించండి, కుదిరితే ఎర్ర రంగులో.