నోరున్న నేరానికి

నాంపల్లి స్టేషన్ టికెట్ కౌంటర్‌కున్నంత తెగింపు ఇంకే ప్రభుత్వ కిటికీకీ లేదు. రైల్వే రాయితీ నిబంధన ప్రకారం చెవుడొక్కటే చాలదు, ఆ మనిషికే మూగతనం కూడా ఉండాలి. అప్పుడే సగం చార్జీ. నలభై దాటాక రెండు చెవులూ పోయిన అబిడ్స్ గుమాస్తా ‘స్లీపర్ ఒకటివ్వండి’ అన్నాడంటే అక్కడికక్కడే అనర్హుడు. చెవిలోపల అమర్చి వినిపించే కోక్లియర్ ఇంప్లాంట్ల పథకాలదీ ఇదే తర్కం, కాకపోతే అక్కడ చూసేది పుట్టినతేదీ. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తన అప్పటి 2 లక్షల పరిమితిని పక్కనపెట్టి మరీ చెవిటి పసివాళ్ల ఆపరేషన్‌కూ, తర్వాతి మాటల శిక్షణకూ కలిపి 6.50 లక్షల దాకా ఇచ్చింది. మంచి పని, దండం పెట్టాల్సిందే. వికలాంగులకు పరికరాలిచ్చే ఏడీఐపీ పథకంలో కేంద్రం ఏటా 500 మంది పిల్లలకు చోటిచ్చింది. అందులో పెద్దవాళ్లకు ఖానాయే లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టమేమో రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ నష్టముంటే వయసడగకుండా బధిరుడంటుంది. వినబడదని సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏ వయసైనా ఫరవాలేదు, వినిపించడానికే వచ్చింది చిక్కంతా.

పసి మెదడు కాబట్టి పిల్లలకే అంటారు. సగం నిజం. పుట్టుచెవుడున్న బిడ్డకు ఆలస్యమైతే మాట పట్టుబడదు, అందుకే ఆ తొందర. పుట్టుచెవుడుతోనే పెద్దయినవాళ్లకు ఫలితం తక్కువన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ నలభై ఏళ్లు విని, బేరాలాడి, పోట్లాడి, తర్వాత వినికిడి పోగొట్టుకున్నవాడి తలలో భాష నిక్షేపంగా ఉంది. ఎలక్ట్రోడ్లు పంపే గరగరను ఆ పాత మాటలతో జతచేసుకోవడమే అతని పని. నెలల సాధనతో చాలామంది చేసుకుంటారు. ఎవరికి పనికొస్తుందో తేల్చడానికి పరీక్షలున్నాయి. బ్రిటన్ 2019లో అర్హత గీతను 90 నుంచి 80 డెసిబెల్స్‌కు దించింది. అమెరికా మెడికేర్ అంతకుముందు హియరింగ్ ఎయిడ్‌తో వాక్యాల పరీక్షలో 40 శాతం మించనివాళ్లకే ఇచ్చేది, 2022లో దాన్ని 60కి పెంచింది. వాళ్లు చెవిని పరీక్షిస్తున్నారు, మనం ఆధార్ కార్డును.

డబ్బెక్కడిదంటారా? పిల్లల వాటా కోయమని ఎవరూ అనలేదు. ఏటా ఇంతమందని పెద్దవాళ్లకూ ఓ చిన్న సంఖ్య రాస్తే కనీసం క్యూ అయినా ఏర్పడుతుంది. సంపాదించే మనిషి కొలువు పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంటే అయ్యే నష్టం ఏ పద్దులోనూ కనబడదు, అందుకే అది ఉచితమనిపిస్తుంది. పైగా ఆరోగ్యశ్రీ తొలి పిల్లలు ఇప్పుడు మీసాలొచ్చిన పెద్దవాళ్లు. లోపలి ఇంప్లాంట్ బాగానే ఉన్నా, చెవి వెనక తగిలించుకునే ప్రాసెసర్ చెమటకో, వానకో, వయసుకో మూలపడుతుంది. అది ఆగితే మళ్లీ మొదటి చెవుడే. ఆ కుర్రాడికి కావాల్సింది ఆపరేషన్ కాదు, పెట్టెలో పట్టే ఒక ప్రాసెసర్. పిల్లవాడు కాదు, కొత్త రోగీ కాదు, మరి అతని దరఖాస్తును ఏ కిటికీలో తీసుకుంటారో సెలవియ్యండి.