యాభై దాటినవాళ్ళందరికీ ఒక్కటే గడా?

వయోజన ఈతగాళ్ళ పత్రిక సంపాదకుల వారి సముఖానికి,

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి తమరి చందాదారుడు, రిటైరైన రైల్వే ఉద్యోగి, సవినయంగా చేసుకునే విన్నపం. తమరి పత్రిక ఈసారీ క్షేమంగా చేరింది. పాఠకుల అభిప్రాయం కోరుతూ తమరు జతపరిచిన ఫారమూ చేరింది. ఇంత దూరాన ఉన్నవాడి మాట కూడా తమరికి కావలసి వచ్చిందని సదరు చందాదారుడు పొంగిపోయి, కళ్ళజోడు తుడుచుకుని, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మొదటి ప్రశ్న వయసు. 18 నుంచి 24, 25 నుంచి 34, 35 నుంచి 49. ఆ తర్వాత ఒకే ఒక్క గడి: ‘50, ఆ పైన’.

ఆ పైన అంటే ఎంత పైన, అయ్యా?

మాస్టర్స్ ఈతలో 25 నుంచి ప్రతి ఐదేళ్ళకూ ఒక వర్గం ఉంటుంది, నూరు దాటినవాళ్ళకీ ఉంటుంది. ఇది తమరికి చెప్పాలా? డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్ళు నిండుతాయన్నదే లెక్క కాబట్టి, అరవై నిండే ఏడాది జనవరి ఒకటిన ఈతగాడింట్లో పండగే. నిన్నటిదాకా 55–59లో అందరికన్నా పెద్ద, ఇవాళ 60–64లో అందరికన్నా చిన్న. వయసు మీద పడ్డందుకు ఇంతగా సంబరపడేవాళ్ళు ఇంకెక్కడున్నారు? రిలేకైతే నలుగురి వయసులూ కలిపి చూస్తారు. 280–319 వర్గమంటే సగటున తలా డెబ్భైకి తక్కువ కాకుండా. ఆ నలుగుర్నీ తీసుకొచ్చి తమరు యాభై ఏళ్ళ కుర్రాడి ఒళ్ళో కూర్చోబెట్టారు.

జపాన్‌లో మియెకో నాగావోకా ఎనభైల్లో ఉండగా ఈత మొదలుపెట్టారు. 2015లో, నూరేళ్ళ వయసులో, 1500 మీటర్ల ఫ్రీస్టైల్ గంటా 15 నిమిషాల 54 సెకన్లలో పూర్తి చేశారు. ఆవిడకీ అదే గడి. మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల సంగతి చూడండి. 2021 మార్చిలో, 47 ఏళ్ళ వయసులో, పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదేశారు. యాభై దాటాక విశాఖ నుంచి కాకినాడకు 150 కిలోమీటర్లు ఈదుకుంటూ పోయి 2025 జనవరిలో ఒడ్డెక్కారు. తమరి ఫారం ప్రకారం ఆవిడ పాక్ జలసంధి దగ్గర పడుచువాళ్ళ జట్టు, కాకినాడ చేరేసరికి శతవృద్ధుల జట్టు!

ఈ గడులు ప్రకటనలవాళ్ళ కోసమని చందాదారుడికి తెలియకపోలేదు. మోకాళ్ళ నొప్పుల మందు అమ్మేవాడికి యాభై పైన అంతా ఒకటే. తమరికీ ఒకటేనా?

రెండో ప్రశ్న, ఎక్కడ ఈదుతారు? క్లబ్బు, యూనివర్సిటీ, సరస్సు, సముద్రం. ఛత్తీస్‌గఢ్‌కి సముద్రం లేదు. ఉన్నదల్లా 2024 సెప్టెంబరు నుంచి రాయ్‌పూర్ మీదుగా విశాఖ పోయే దుర్గ్ వందేభారత్. అలల మీద ఈదాలంటే ముందు టికెట్టు కొనాలి. చెరువులంటారా? తెలీబాంధా గట్టు మెరైన్ డ్రైవ్ అయింది, బూఢా తాలాబ్ వివేకానంద సరోవరం అయింది. జనం వెళ్ళేది గాలి కోసం, చిరుతిళ్ళ కోసం. మిగిలింది ఊళ్ళోని స్విమ్మింగ్ పూల్. వేసవి వస్తే అది పిల్లల శిబిరాలది, పెద్దవాళ్ళకు తెల్లారకముందు ముప్పావుగంట, ఒకే లేన్. ‘ఊరి పూల్‌లో, దొరికినప్పుడు’ అన్న గడి ఫారంలో ఎక్కడా లేదు. బయట 44 డిగ్రీలు కాస్తున్న మే నెలలో తమరు చన్నీళ్ళ రబ్బరు సూటు తొడుక్కునే పద్ధతి మీద నాలుగు పేజీలు వేశారు. కాగితం మాత్రం బాగుంది. విసురుకోవడానికి పనికొచ్చింది.

సంపాదకుల వారూ, కోపంలో నాలుగు మాటలు ఎక్కువైతే మన్నించండి. అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. ఐదేళ్ళకో గడి గీయిస్తే ఫారం జానెడు పొడవు పెరుగుతుంది, అంతే. నూరు దాకా గీయడం కష్టమనుకుంటే 65–69 అని ఒక్కటి గీయండి, మిగతావి చందాదారులే స్కేలు పెట్టి గీసుకుంటారు. కొత్త ఫారం త్వరగా పంపించండి, చందా డిసెంబరుతో ముగుస్తోంది.