రిమోటు కలహం: సటీక తాత్పర్యం

అవతారిక: మాడ్రిడ్ నగరంలో ఒక ఇల్లు. టీవీ ముందు ఇద్దరు తోబుట్టువులు. రిమోటు అక్క చేతిలో ఉన్నది. తమ్ముడు ఉపక్రమించుచున్నాడు.

మూలం (స్పానిష్):
తమ్ముడు: దామెలో!
అక్క: నో తె లో దోయ్.
అమ్మ (వంటింట్లోంచి): దాసెలో!
అమ్మమ్మ: నో సె లో దెస్!

ప్రతిపదార్థం: దా = ఇవ్వు; మె = నాకు; లో = దానిని, అనగా రిమోటును; తె = నీకు; నో దోయ్ = ఇవ్వను; సె = వాడికి; నో దెస్ = ఇవ్వకు.

తాత్పర్యం: వాడు ఇమ్మన్నాడు, అది ఇవ్వనంది, తల్లి ఇచ్చెయ్యమంది, అమ్మమ్మ వద్దంది. నాన్న ఊసు మూలంలో లేదు.

విశేషాలు: 'దా' అనగానే 'ఇలా దా' అని పిలుస్తున్నాడనుకోరాదు. ఇది లాటిన్ మీదుగా వచ్చిన, మన సంస్కృత 'దా' ధాతువుకు దాయాది అయిన దానార్థకం. 'లో'ను చూసి షష్ఠీ విభక్తి అని సంబరపడటమూ తగదు. అర్థం చేత ఇది ద్వితీయ.

ఆజ్ఞాపించేటప్పుడు సర్వనామాలు క్రియ వెనక అతుక్కుంటాయి: ముందు 'ఎవరికి', తరువాత 'దేనిని'. ఈ వరస తప్పదు. తుమర్థకానికీ శత్రర్థకానికీ ఇదే మర్యాద: దార్మెలో, దాందోమెలో. నిషేధంలో మాత్రం అవి తోక వదిలి క్రియకు ముందు, విడివిడిగా నిలబడతాయి. అమ్మ మాట ఏకపదం, అమ్మమ్మ మాట నాలుగు పదాలు కావడానికి కారణమిదే. పెద్దావిడ చాదస్తం కాదు.

ఊనిక సంగతి. తోక ఎంత పెరిగినా ఊనిక క్రియ మీదే ఉంటుంది. కొత్త కోడళ్లు ఎందరొచ్చినా తాళాలు అత్తగారి దగ్గరే ఉన్నట్టు. అందుకే 'దామె' అని రాసేటప్పుడు గుర్తు అక్కరలేదు గాని, 'లో' కూడా చేరగానే 'దా' నెత్తిన ఒక గీత పెట్టాలి.

ఇక 'సె'. 'వాడికి' అనడానికి అసలు రూపం 'లె'. దానికి 'లో' పరమైతే 'సె' ఆదేశం. 'లెలో' వినసొంపుగా లేదు గనుక మార్చారని కొందరు. అది అసంగతం. లాటిన్ సర్వనామాల జంట పాత స్పానిష్‌లో 'జెలో' వంటి ఉచ్చారణకు చేరి, అప్పటికే ఉన్న ఆత్మార్థక 'సె'తో కలగాపులగమై ఈ రూపం నిలిచింది. వచ్చిన చిక్కేమంటే 'సె' వాడికీ, ఆమెకీ, వాళ్లకీ, గౌరవంగా మీకూ చెల్లుతుంది. అక్క తెలివైనదైతే రిమోటు అమ్మమ్మ చేతిలో పెట్టి మాతృవాక్య పరిపాలన చేశాననవచ్చు. ఇది తెలిసిన తల్లులు చివర 'ఆ ఏల్', అంటే 'వాడికే', అని తగిలిస్తారు.

మెక్సికోలో 'ఆందలె' అంటారు. 'పద, కానీ' అని భావం. ఇందులో 'లె' ఎవరికి? ఎవరికీ కాదు. మన వ్యాఖ్యాతలు ఇలాంటి చోట 'పాదపూరణం' అని రాసి పేజీ తిప్పేస్తారు; నేనూ అంతే.

తోక ఉన్న మరో ఆజ్ఞ 'మీరంతా వెళ్లిపోండి'. దీనికి వ్యాకరణం 'ఈదోస్' అంటుంది. స్పెయిన్‌లో జనం 'ఈరోస్' అంటూ వచ్చారు. 2017లో రాయల్ స్పానిష్ అకాడమీ ఆ 'ఈరోస్'నూ ఒప్పుకుంది. పండితులు కొందరు నొచ్చుకున్నారు. నా మటుకు అకాడమీయే ఆలస్యంగా మేలుకుంది.

అదే అకాడమీకి లొంగనిది ఇంకొకటుంది. 'సల్' అంటే బయటికి వెళ్లు. దానికి 'లె' చేర్చి 'అతనికి ఎదురువెళ్లు' అనవచ్చు. కాని రెండు 'ల'కారాలు పక్కపక్కన రాస్తే స్పానిష్‌లో వేరే ధ్వని, చాలామంది నోట 'య'. ఇది పలకడానికి వీలైనదే గాని రాయడం అసాధ్యం అని అకాడమీ తేల్చింది. మూలం లిపికి ఎక్కదు గనుక ఈ పదానికి టీక మాత్రమే ఇవ్వడమైనది.