గేటు మీది రేకు

నేను రెండడుగుల ఇనుప రేకుని. గుంటూరులో ఒక పెయింటరు నామీద నీలం ఎనామిల్ పూసి, తెల్లటి అక్షరాలతో మా అయ్యగారి పేరు, దాని కింద 'శాసనమండలి సభ్యులు' అని రాశాడు. చిలకలూరిపేట వైపు రోడ్డు పక్కనే మా ఊరు. పత్తి బోరేల ట్రాక్టర్లు, యార్డుకు పోయే మిర్చి టిక్కీల లారీలు మా గేటు ముందు నుంచే వెళ్లేవి. కల్లాల కాలంలో వచ్చినవాళ్లు తుమ్ముకుంటూనే అర్జీలు ఇచ్చేవాళ్లు.

మండలిలో సీటు ఎన్ని రకాలుగా పోతుందో నాకు తెలిసినంతగా లాయర్లకు కూడా తెలియదని నా గర్వం. పోయిన ప్రతిసారీ గీకేది నా రంగే కదా.

మొదటిసారి అయ్యగారి తప్పేమీ లేదు, మండలే పోయింది. 1958 జూలైలో 90 సీట్లతో మొదలైన సభ అది. దండగ ఖర్చంటూ 1983లోనే ఎన్టీఆర్ రద్దు తీర్మానం చేయించారు, ఢిల్లీ కదల్లేదు. 1985లో మళ్లీ చేయిస్తే పార్లమెంటు చట్టం చేసింది. జూన్ 1 నుంచి సభ లేదు. ఐదేళ్ల గడువు మిగిలినవాడూ ఐదు నెలలే మిగిలినవాడూ ఒకేరోజు ఇంటిదారి పట్టారు. అసెంబ్లీని రద్దు చేస్తే మళ్లీ ఎన్నికలొస్తాయి. మండలికి అలాంటి రద్దు లేదు, రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతుంటారు, సభ నడుస్తూనే ఉంటుంది. కానీ 169వ అధికరణం కింద అసెంబ్లీ తగిన మెజారిటీతో అడిగితే పార్లమెంటు సభనే లేకుండా చేయొచ్చు. పైసభ అని పేరేగానీ దాని ప్రాణం కింది సభ చేతిలో ఉంది.

అయ్యగారు నన్ను విప్పి కొట్టంలో పడేస్తే, అమ్మగారు కుడితి గోలేనికి మూతగా పెట్టింది. "ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది" అంది కూడా.

2007 మార్చి 30న మండలి మళ్లీ ఏర్పడింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా అయ్యగారి చినబాబుకి సీటొచ్చింది, నాకు కొత్త రంగొచ్చింది. ఇంతలో 2020 జనవరి వచ్చింది. సభలు జరిగే వెలగపూడి మాకు దూరమేం కాదు, కబురు గంటలో చేరేది. మూడు రాజధానుల బిల్లుల్ని 22న మండలి చైర్మన్ షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపారు. ఐదు రోజులు తిరక్కుండా 133 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా, మండలి రద్దుకు అసెంబ్లీ తీర్మానం చేసింది. కుడితి వాసన మళ్లీ తగిలింది నాకు. అయితే పార్లమెంటు దాన్ని చేపట్టకముందే మండలిలో బలాబలాలు పాలకపక్షం వైపు మారాయి. 2021 నవంబరు 23న ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. బలం వచ్చాక సభ మీద కోపం పోవడం నాకేమీ వింతగా తోచలేదు.

రెండో దారి రాజీనామా. మా గుంటూరు డొక్కా మాణిక్యవరప్రసాద్ 2020 జనవరిలో రాజీనామా చేశారు. పార్టీ మారి, తాను ఖాళీ చేసిన సీటుకే అదే ఏడాది ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. చీరాల పోతుల సునీత 2020 నవంబరులో రాజీనామా చేసి 2021 జనవరిలో ఏకగ్రీవంగా తిరిగొచ్చారు. ఇలాంటివాళ్ల బోర్డులకు రంగు మార్చే పని కూడా ఉండదు.

మూడోది పార్టీ ఫిరాయిస్తే పడే అనర్హత వేటు. 2024లో చైర్మన్ మోషేనురాజు మార్చిలో వంశీకృష్ణ శ్రీనివాస్, సి. రామచంద్రయ్యల మీద, మేలో గురజాల వైపు జంగా కృష్ణమూర్తి మీద వేటు వేశారు. రామచంద్రయ్య జూలైలో మళ్లీ మండలికి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. వేటు పడిందన్నమాటే గానీ గాయం మానడానికి నాలుగు నెలలు చాలింది.

అప్పటికే ప్రభుత్వం మారింది. 2024 ఆగస్టులో సునీత మళ్లీ రాజీనామా ఇచ్చారు, 2025 మార్చిలో మా చిలకలూరిపేట మర్రి రాజశేఖర్ ఇచ్చారు. ఈసారి లేఖలు నెలల తరబడి తేలలేదు. బెదిరించి రాయించుకోకుండా ఉండాలని 1974లో 33వ సవరణ తెచ్చారు: రాజీనామా స్వచ్ఛందమేనని చైర్మన్ తేల్చుకుని ఆమోదిస్తేనే సీటు ఖాళీ. మంచి నిబంధనే, కానీ ఎన్నాళ్లలో తేల్చాలో అందులో లేదు. నెల్లూరు జిల్లావాడైన వెంకయ్యనాయుడు రాజ్యసభ చైర్మన్‌గా 2017 డిసెంబరులో శరద్ యాదవ్ అనర్హత కేసును మూడు నెలల్లో తేల్చారు. తలుచుకుంటే అవుతుందనేగా దానర్థం!

వీటన్నిట్లో ఓటరు ఎక్కడ? 2025 ఫిబ్రవరిలో కృష్ణా, గుంటూరు పట్టభద్రులు కె.ఎస్. లక్ష్మణరావుని కాదని ఆలపాటి రాజేంద్రప్రసాద్‌ని గెలిపించారు. ఓటరు చేతుల మీదుగా సీటు పోవడమంటే అదీ. కానీ ఆ అవకాశం ఆరేళ్లకోసారే, అదీ ఓటున్నవాళ్లకే. నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని తినేసిన 2021లో, పూత రాలిన కొమ్మలు పట్టుకుని రైతులు మా గేటు దగ్గరికొచ్చారు. చినబాబు తన సీటు సంగతి చూసుకోవడానికి విజయవాడ వెళ్లి ఉన్నాడు. వాళ్లు నన్ను చదివి వెళ్లిపోయారు.

తెలంగాణ ఎమ్మెల్యేల ఫిరాయింపు కేసులో 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకరుకు మూడు నెలల గడువు పెట్టింది. ప్రతిసారీ కోర్టు దాకా ఎందుకు? రాజీనామాకైనా, అనర్హత పిటిషనుకైనా మూడు నెలలని చట్టంలోనే రాయండి. ఫిరాయించి సీటు పోగొట్టుకున్నవాణ్ణి ఆ సీటు గడువు తీరేదాకా మళ్లీ నిలబడనివ్వకండి. ఆరేళ్ల సీటు ఇచ్చింది జనం పని చూడమని.