డిక్కీ సచివాలయం

ఈ వారం ప్రభుత్వ పెద్దలు వదిలిన జాబితా మీరూ చూసే ఉంటారు. వానాకాలం కదా, రోడ్డెక్కే ముందు బండిలో ఇవన్నీ సర్దుకోవాలట: జాకీ, టార్చిలైటు, తాడు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఎర్ర త్రికోణం, అద్దం పగలగొట్టే సుత్తి. చివర్లో మీ భద్రత మీ చేతుల్లోనే ఉందని ఒక చల్లని మాట. చదివి కొందరికి ఒళ్ళు మండింది. నాకు మాత్రం అందులో ఒక గొప్ప పరిపాలనా సంస్కరణ కనిపించింది.

అధికార వికేంద్రీకరణ అంటూ ఇన్నాళ్ళూ జిల్లాలన్నారు, మండలాలన్నారు, ఊరూరా సచివాలయమన్నారు. ఇప్పుడు ఇంకో మెట్టు దిగి కారు డిక్కీ దాకా వచ్చారు. ఇకమీదట బండికో సచివాలయం. స్టీరింగ్ పట్టుకున్నవాడే ముఖ్యమంత్రి. వెనకసీట్లో పిల్లలు శాసనసభ. వాళ్ళెంత గోల చేసినా బండి ఆగదు. ప్రమాణ స్వీకారానికి ముహూర్తం అక్కర్లేదు, డిక్కీ తెరిస్తే చాలు. శాఖల కేటాయింపు నేను చేసిపెడతాను.

రోడ్లు భవనాల శాఖ జాకీకి. పాత పద్ధతిలో ఈ శాఖ గుంత పూడ్చాల్సి వచ్చేది. దానికి టెండరు, కాంట్రాక్టరు, బిల్లు, మళ్ళీ వాన, మళ్ళీ టెండరు. కొత్త పద్ధతిలో గుంత జోలికి పోరు. గుంత ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, బండినే పైకి లేపుతారు. జాకీగారికి సహాయ మంత్రి వీల్ పానా. పంక్చర్ షాపు కుర్రాడు గాలి గన్నుతో బిగించిన నట్టు ముందు ఈ మంత్రిగారి ఆటలు సాగవు. చీకట్లో, వానలో, పానా కాడ మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కి తొక్కితే కిర్రుమని కాస్త కదులుతుంది, లేదా నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఫైలు పెండింగే.

విద్యుత్ శాఖ టార్చికి. అవసరం పడ్డ రాత్రి తీసి చూస్తే లోపలి బ్యాటరీలు కారిపోయి, స్ప్రింగుకి ఆకుపచ్చని చిలుము పట్టి ఉంటుంది. అరచేతికేసి రెండు దెబ్బలు కొడితే ఒకసారి మిణుక్కుమని ఆరిపోతుంది. హైవే మీద స్తంభాలు ఆపాటి వెలుగైనా ఇస్తాయన్న పూచీ లేదు కనుక దీన్ని ప్రగతిగానే రాసుకోవాలి.

ఆరోగ్య శాఖ ఫస్ట్ ఎయిడ్ పెట్టెది. కారు కొన్నప్పుడు షోరూమువాళ్ళు ఇచ్చిందే, ఇంకా సీలు విప్పలేదు. విప్పితే పసుపెక్కిన దూది, జిగురెండిన ప్లాస్టరు, గడువు తీరిన మందు సీసా. కత్తెర పోస్టు మొదట్నించీ ఖాళీ. భర్తీకి నోటిఫికేషన్ త్వరలోనే.

విపత్తుల శాఖ తాడుకి. 2023 జులైలో, మళ్ళీ 2024 సెప్టెంబరులో నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు పొంగి హైదరాబాద్–విజయవాడ హైవే ఎక్కింది. రాకపోకలు ఆగిపోయాయి. ఏటి నీళ్ళకి దారి చూపడంకన్నా, రోడ్డెత్తు పెంచడంకన్నా, ఆ తాడుతో ప్రతి కారు టాపు మీద ఒక తెప్ప కట్టుకోమనడం ఎంతో చవక. వచ్చే ఏటి జాబితాలో తెడ్డు కూడా చేరుతుందని నా నమ్మకం.

ప్రజాస్వామ్యమన్నాక ప్రతిపక్షం ఉండాలి కదా. అది స్టెప్నీ. ఏళ్ళ తరబడి అడుగున పడి ఉంటుంది, ఎవరూ పలకరించరు. అవసరమొచ్చి బయటికి లాగితే అందులోనూ గాలుండదు. అయినా 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, వాటిలో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకి స్టెప్నీ అక్కర్లేదంది. ప్రతిపక్షం లేకుండా బండి నడపడం మనవాళ్ళకి కొత్తేమీ కాదులెండి.

హోం శాఖ ఎర్ర త్రికోణానిది. ఆగిన బండికి వెనక, దూరంగా నిలబెట్టాలి. మన దారుల్లో ఈ శాఖ ఎప్పుడో అవుట్‌సోర్సింగుకి వెళ్ళిపోయింది. లారీ ఆగితే క్లీనరు పక్కనున్న వేపచెట్టు కొమ్మ విరిచి వెనకాల పడేస్తాడు, నాలుగు బండరాళ్ళు వరసగా పేరుస్తాడు. లారీ బాగుపడి వెళ్ళిపోతుంది. కొమ్మ ఎండుతుంది. రాళ్ళు మాత్రం రోడ్డు మధ్యనే ఉంటాయి, రాత్రి మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడి కోసం.

ఒక్క ఆర్థిక శాఖని మాత్రం పెద్దలు డిక్కీకి బదలాయించలేదు. అది కారు ముందద్దానికి అతికించి ఉంది, ఫాస్టాగ్ అంటారు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు... ఒక్కో టోల్‌గేటు దగ్గరా ఠంచనుగా డబ్బు కోసుకుంటుంది. దాని బ్యాటరీ కారదు, దాని నట్టు అరగదు, దాని పోస్టు ఏనాడూ ఖాళీగా ఉండదు.

ఇంత చక్కని ప్రభుత్వానికి చిక్కల్లా ఒక్కటే. డిక్కీ ఉండాలి.

2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. వాళ్ళలో నూటికి 44 మంది రెండు చక్రాల బండ్ల మీద వెళ్ళినవాళ్ళు. పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకుని బయల్దేరేవాడు జాకీ ఎక్కడ పెట్టుకోవాలి? గుంతలో పడ్డాక టార్చి వేసి ఏం చూసుకోవాలి? 2013 నుంచి 2017 దాకా గుంతల వల్ల 14,926 మంది పోయారన్న లెక్క 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఉగ్రవాదుల చేతిలో పోయినవాళ్ళకన్నా ఎక్కువేమోనని న్యాయమూర్తులే అన్నారు. మరుసటి ఏడు మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టకపోతే, నిర్వహించకపోతే, దానివల్ల ప్రాణం పోతే, బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. మనిషి ప్రాణానికి లక్ష! అదే సవరణ హెల్మెట్ లేనివాడికి వెయ్యి రాసింది. ఆ చలాన్లు కూడలి కూడలిలో కెమెరా పెట్టి మరీ పంపిస్తున్నారు. లక్ష కట్టిన ఇంజనీరు ఫొటో, కాంట్రాక్టరు ఫొటో మీరెప్పుడైనా పేపర్లో చూశారా?

ఇక ఆ సుత్తి సంగతి. దానికి నేను శాఖ ఇవ్వలేదు, ఇవ్వను. ఎందుకంటే అక్కడికొచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు. 2013 అక్టోబరు 30న హైదరాబాద్–బెంగళూరు దారిలో పాలెం దగ్గర బస్సు కల్వర్టుని కొట్టుకుని మండింది. 45 మంది. 2025 అక్టోబరు 24న అదే దారిలో, కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర ఇంకో బస్సు. అప్పటికే పడి ఉన్న మోటార్‌సైకిల్ మీదికెక్కింది, నిప్పంటుకుంది. 19 మంది ప్రయాణికులు నిద్రలోంచి లేచేలోపే కాలిపోయారు. బతికినవాళ్ళు అద్దాలు పగలగొట్టుకుని దూకారు. రెంటికీ మధ్య పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో తనిఖీలు లేవా, ఫిట్‌నెస్ కాగితాలు లేవా, వాటి కింద సంతకాలు లేవా?

డబ్బు కట్టి బెర్తు కొనుక్కున్నవాడు దుప్పటితోపాటు సంచిలో సుత్తి కూడా తెచ్చుకోవాలా? ప్రతి కిటికీ పక్కనా సుత్తి ఉందా, అత్యవసర తలుపు తెరుచుకుంటోందా, నడవలో అడ్డంగా పార్సిళ్ళు పేర్చారా అని చూడ్డానికి మా డబ్బుతో జీతాలిచ్చి మనుషుల్ని పెట్టాం. పాలెం ముందు చూడనందుకు, చిన్నటేకూరు ముందు చూడనందుకు వాళ్ళలో ఎవరి జీతం ఆగింది, ఎవరి ఉద్యోగం పోయింది? ముందు ఆ జాబితా విడుదల చేయండి. మా జాబితా సంగతి తర్వాత చూసుకుందాం.