ఇంటి దగ్గర కారు చార్జింగు: చౌటుప్పల్ వాళ్లకు కొన్ని ఉల్టా సలహాలు

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకు షోరూములో, యూట్యూబులో, ఆఫీసు క్యాంటీన్లో దొరికే సలహాలు దాదాపు ఒక్కటే. పెద్ద చార్జర్ పెట్టించు, వైఫై ప్లగ్ కొను, యాప్ వేసుకో, అర్ధరాత్రికి టైమర్ పెట్టి నిద్రపో. నేను చెప్పబోయేవి వీటికి తలకిందులు. చదివినవాళ్లు తలతిక్క మాటలనుకున్నా ఫర్వాలేదు. చౌటుప్పల్ నుంచి ఎల్‌బీ నగర్ దిక్కు రోజూ పోయొచ్చేవాళ్లకు ఈ కార్లు నిజంగా కలిసొస్తాయి. అందుకే, అవి ఇంట్లోకి వచ్చాక మనుషులకు షాకు కొట్టకూడదు, బిల్లు చూసి గుండె జారకూడదు అన్నదే నా తాపత్రయం.

ముందు గుంత తవ్వించండి, ఆ తర్వాతే చార్జర్ బేరం చేయండి. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. 2026 డిసెంబర్ ఆఖరు దాకా ఆ సౌకర్యం ఇచ్చారు. అట్లా మిగిలిన డబ్బులో మొదటి రూపాయి ఎర్తింగుకు పోవాలి. మనది పాత నల్లగొండ జిల్లా రాతినేల. పైన కాస్త మట్టి, కింద గ్రానైటు. ఎండాకాలం ఆ మట్టి పొడిబారిపోతే ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తు పేరుకే మిగులుతుంది. మీ ఇంటి గేటు పక్కన సిమెంటు మూత తీసి చూడండి. చాలా ఇళ్లలో కనిపించేది ఇదే: తుప్పు పట్టిన పైపు, చేత్తో తిప్పితే తిరిగే బోల్టు, ఎప్పుడో కరిగిపోయిన ఉప్పు, ఎండిన బొగ్గు. కొన్ని ఇళ్లలో ఆ మూత మీదే పార్కింగ్ టైల్స్ పరిచేసి ఉంటారు.

కారుతో వచ్చిన చార్జర్ ఎర్తును తనే చూసుకుంటుంది. బాగా లేకపోతే ఎర్రలైటు వేసి మొండికేస్తుంది. అప్పుడు కొందరు పనివాళ్లు చేసే చిట్కా ఒకటుంది. సాకెట్ వెనక న్యూట్రల్ తీగను ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. లైటు పచ్చగా మారుతుంది, కారు చార్జ్ అవుతుంది, అందరూ సంతోషిస్తారు. ఎప్పుడైనా గాలివానకు బయట న్యూట్రల్ తెగితే ఇంట్లో నడిచే సామాన్ల గుండా ఫేజు కారు బాడీ మీదికొస్తుంది. తడికాళ్లతో తలుపు పట్టుకున్న పిల్లవాడి గతేమిటి? అట్లా చేసిన సాకెట్ ఉంటే ఈరోజే విప్పించండి. కొత్త గుంత, రెండు పొరల ఉప్పు-బొగ్గు లేదా బెంటొనైట్ పొడి, ఎర్తు మీటరుతో కొలిచిన రీడింగు, కారు లైనుకు విడిగా కరెంటు లీకయితే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఇవన్నీ అయ్యాకే స్మార్టు సంగతి. ఎండాకాలం వారానికోసారి ఆ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఏ యాప్ కన్నా ఆ రెండు బకెట్లు ఎక్కువ కాపాడతాయి.

వైఫై ప్లగ్ మీద కారు పెట్టకండి. డబ్బా మీద పదహారు ఆంపియర్లు అని రాసే ఉంటుంది, నిజమే. కానీ గీజరు పావుగంట నడిచి ఆగుతుంది, కారు ఏకబిగిన ఏడెనిమిది గంటలు లాగుతుంది. లోపలి చిన్న రిలే, ఇరుకు పిన్నులు అంతసేపు ఆ వేడిని ఓర్చుకోలేవు. కొలవాలనుంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో తీగ చుట్టూ బిగించే రింగు మీటరు పెట్టించండి. కరెంటు దానిలోంచి పోదు, అది తీగ చుట్టూ ఉండి లెక్కిస్తుంది అంతే. వైఫై పోయినా, కంపెనీ సర్వరు పడుకున్నా కారు చార్జింగు ఆగదు. ఆపడం, మొదలెట్టడం కారు సొంత టైమరుకే వదిలేయండి.

రింగులు రెండు కావాలి. ఒకటి కారు లైనుకు, రెండోది ఇంటి మెయిన్ లైనుకు. ఒక్కటే పెట్టగలిగితే మాత్రం మెయిన్ లైనుకే పెట్టండి. అమ్మేవాడు దీనికి ఒప్పుకోడు, కారు ఎంత తిన్నదో తెలియొద్దా అంటాడు. కొలిచే యంత్రం ఎంత మంచిదన్నదాని కన్నా దాన్ని ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. ఈ సంగతి మన ఊరికి కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) భూమి అయస్కాంత శక్తిని కొలవడానికి, నగరపు కరెంటు రొద తగలని చోటు కావాలని చౌటుప్పల్‌లో పరిశీలనశాల పెట్టుకుంది. మీ కారు వంద యూనిట్లు తిన్నదన్న లెక్క మెయిన్ మీటరు పక్కన పెట్టి చూసుకోకపోతే దేనికీ పనికిరాదు.

ఎందుకు పనికిరాదో చెప్తాను. ఇంగ్లండులో ఉన్న తమ్ముడో బావమరిదో అర్ధరాత్రి చార్జింగు చవక అని చెప్తే మనవాళ్లు నమ్మేస్తారు. అక్కడ కొన్ని కంపెనీల దగ్గర అది నిజం. మన ఇంటి కనెక్షన్‌కు నేను ఇది రాసేనాటికి రాత్రి ఒక రేటు, పగలు ఒక రేటు లేదు. మనకున్నది స్లాబు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్లు తీసుకోండి. నెలకు వంద దాటి 200 యూనిట్ల దాకా వాడే ఇంటికి మొదటి వంద 3 రూపాయల 40 పైసలు, తర్వాతి వంద 4 రూపాయల 80 పైసలు. సరిగ్గా 200 అయితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. ఒక్క యూనిట్ దాటి 201 అయిందా, లెక్క మొదటినుంచీ మారిపోతుంది. మొదటి రెండు వందలకూ 5 రూపాయల 10 పైసలు, ఆ దాటిన ఒక్కదానికి 7 రూపాయల 70 పైసలు. అంతా కలిపి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ మీకు 200 రూపాయల పైమాటే పడింది.

ఇప్పుడు 180 యూనిట్ల ఇంట్లోకి కారు వచ్చి నెలకు వంద యూనిట్లు వాడిందనుకుందాం. ఎనర్జీ చార్జీ 724 నుంచి 1,636కు పోతుంది. అంటే కారు కరెంటు యూనిట్‌కు 9 రూపాయల 12 పైసలు. రోజూ తొంభై కిలోమీటర్లు తిరిగే కారయితే గోడ దగ్గర లెక్కన రోజుకు దాదాపు 13 యూనిట్లు లాగుతుంది. పనిదినాలు ఇరవై రెండు మూడు వేసుకున్నా నెలకు 300 దగ్గరికొస్తుంది. అప్పుడు స్లాబు ఇంకా పైకెక్కుతుంది, 400 దాటితే యూనిట్‌కు 9 రూపాయల 50 పైసలు. ఇంత తిరిగేవాళ్లు యాప్ ముందేసుకుని టైములు జరుపుకోవడం వృథా. బండ్ల చార్జింగుకు టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది. దాని మీద మీ ఇంటికి రెండో మీటరు ఇస్తారా, ఫిక్స్‌డ్ చార్జీ ఎంత, ఎనర్జీ చార్జీ ఎంత అని కరెంటాఫీసులో అడిగి, కాగితం మీద రెండు లెక్కలూ వేసుకోండి. ఉన్న కనెక్షన్ మీదే ఇంటి దగ్గర చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి 14 మార్గదర్శకాల్లోనే చెప్పింది. చేసుకోవచ్చనడం వేరు, గిట్టుబాటు కావడం వేరు.

స్కూటర్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమిచ్చే గృహజ్యోతి కింద 2024 మార్చి బిల్లుల నుంచి జీరో బిల్లు వస్తున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. నెలకు 150 యూనిట్లు వాడే ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ నెలకు మరో 80 వాడిందంటే 230 అవుతుంది. 200 దాటిన నెల బిల్లంతా మనమే కట్టాలి, దాటిన 30కి మాత్రమే కాదు. కాబట్టి ఫోన్‌లో బ్యాటరీ శాతం చూపించే బొమ్మ తీసేసి, ఈ నెల ఇంటికి అయిన యూనిట్లు కనిపించేట్టు పెట్టుకోండి. అలారం 80 శాతానికి కాదు, 170 యూనిట్లకు పెట్టుకోండి. బిల్లు కొట్టే ఆయన వచ్చి వెళ్లిన రోజున రింగు మీటరు లెక్కను సున్నా చేయండి, నెల మొదటి తారీఖున కాదు.

టైమరు పెట్టుకుంటే గుండ్రటి అంకె పెట్టకండి. పదకొండు గంటలకు కాదు, పదకొండు దాటి పదిహేడు నిమిషాలకు పెట్టండి. మీ ఎదురింటాయన పదకొండూ ఇరవై తొమ్మిదికి పెట్టాలి. ఇది చాదస్తంలా ఉంటుంది గానీ, మన రైతులకు దీని వెనక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. స్మార్టు కంట్రోలు మన ఊళ్లకు కారుతో రాలేదు, బోరు మోటరుతో వచ్చింది. ఆటో స్టార్టర్లు వచ్చాయి, తర్వాత ఫోను చేస్తే మోటరు నడిచే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. కరెంటు పోయి వచ్చిన క్షణాన ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ఏమవుతుందో అందరూ చూశారు. ఫ్యూజు పోయేది, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే కాలేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడానికి ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది కూడా.

కారు చార్జరు కూడా కరెంటు రాగానే తనంతట తానే మళ్లీ మొదలెడుతుంది. అచ్చం ఆటో స్టార్టరే. బ్రిటన్‌లో ఈ సంగతి చట్టంలోకే ఎక్కింది. 2022 జూన్ 30 నుంచి అక్కడ అమ్మే కొత్త ఇంటి చార్జర్లు మొదలయ్యే ముందు పది నిమిషాల దాకా ఇష్టమొచ్చినట్టు ఆలస్యం చేసుకోవాలి, అందరివీ ఒక్కసారి లేవకూడదని. మన చార్జరుకు ఆ బుద్ధి లేకపోతే మనమే నేర్పాలి. మీ సెట్టింగుల్లో ఆలస్యం పెట్టే వీలుంటే పెట్టండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌కు చెప్పి కారు లైనులో డిలే టైమరు వేయించండి. వీధిలో ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లు ఒకచోట కూర్చుని టైములు పంచుకుంటే ఇంకా మంచిది. లైన్‌మన్‌ను కూడా పిలవండి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువుందో ఆయనకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు.

పెద్ద చార్జర్ కొనకండి. 7.2 కిలోవాట్ల పెట్టె గోడకు బిగిస్తే చూడ్డానికి దర్జాగా ఉంటుంది. దానికి అదనపు లోడుకు దరఖాస్తు, డబ్బు, చాలా ఇళ్లకు త్రీఫేజు, ఇవన్నీ వెంట వస్తాయి. కారులో ఆంపియర్లు తగ్గించే వీలుంటే పదికి దించండి. 230 వోల్టుల దగ్గర అది గంటకు 2.3 యూనిట్లు. రోజుకు కావాల్సిన 13 యూనిట్లు ఆరు గంటల్లోపే నిండుతాయి, తెల్లారేసరికి కారు సిద్ధం. తీగలు చల్లగా ఉంటాయి, వోల్టేజీ పడిపోయిన రాత్రి ఇంట్లో ఫ్రిజ్ మూలగదు.

కొత్త సాకెట్ పెట్టించిన మొదటి రోజు చార్జింగు అందరూ మెలకువగా ఉన్నప్పుడే చేయండి. గంట తర్వాత ప్లగ్ మీద అరచేయి వెనకభాగం ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి తీసేయాలనిపిస్తే ఆపేసి సాకెట్ మార్పించండి. పిన్నుల చుట్టూ గోధుమరంగు మచ్చ కనపడితే ఆ సాకెట్‌ను మళ్లీ వాడనేవద్దు.

యాప్ ఒక్కరి ఫోన్లోనే ఉండాలి. కానీ ఆపే అధికారం ఇంట్లో అందరికీ ఉండాలి. అందుకు గోడ మీద, కళ్లముందు, ముసలావిడకు కూడా అందే ఎత్తులో ఒక పెద్ద ఎర్ర ఐసోలేటర్ స్విచ్చి పెట్టించండి. కాలిన వాసన వస్తే నాయనమ్మ పాస్‌వర్డు వెతుక్కోవాలా? కొడుకు పంతంగి టోల్‌గేటు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఇంట్లో ఉన్న కోడలు "అత్తమ్మా, ఆ ఎర్ర స్విచ్చి దించుండ్రి" అంటే పని అయిపోవాలి.

ఇక సంక్రాంతి. హైదరాబాద్ బండ్లన్నీ మన మీదుగానే విజయవాడ దిక్కు పోతాయి, హైవే చార్జర్ల దగ్గర వరుసలు కడతాయి. చుట్టాలు మీ ఇంట్లో ఆగి ఒక గంట పెట్టుకుంటామంటే కాదనకండి. మీ కారు తీసి వాళ్లది పెట్టండి, మీరు మరునాడు నింపుకోవచ్చు. రెండూ ఒకేసారి మాత్రం వద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద అసలే వద్దు, తీగ పొడవు చాలకపోతే కారునే దగ్గరికి తెమ్మనండి. పదిహేను ఆంపియర్ల సాకెట్ మీద గంట పెడితే వాళ్లకు దక్కేది మూడు యూనిట్లు, ఇరవై కిలోమీటర్లు. ఆ సంగతి ముందే చెప్పి, భోజనం చేసి నాలుగు గంటలు ఉండి పొమ్మనండి. వాళ్లు పోయాక మెయిన్ రింగు లెక్క చూసుకోండి. 170 దాటి ఉంటే ఆ నెల మిగిలిన రోజుల్లో మీ కారును ఆఫీసు దగ్గరి చార్జర్ మీదో, హైవే చార్జర్ మీదో నింపుకుంటే ఎంతవుతుందో, ఇంట్లో 200 దాటితే ఎంత పడుతుందో కాగితం మీద వేసి, తక్కువైనది చేయండి.