ముసిలోణ్ణి ఎక్కడ పడుకోబెట్టను బావా?

ఎడిసన్, న్యూజెర్సీ
కనుమ రోజు

బావా,

అందరం క్షేమం. అక్కడి క్షేమం అత్త రోజూ వీడియోలో చెప్తూనే ఉంది గనక అడగను. వాట్సాప్ ఉండగా ఈ కాయితం ఏటని అనుకోకు. వాట్సాప్‌లో పెడితే నీకంటే ముందు మీ చెల్లి చదివేస్తుంది. విజయనగరంలో షామియానాలూ సీరియల్ లైట్లూ అద్దెకిచ్చే ఇంటి పిల్లని చేసుకుని, నాలుగు లైట్ల దండలు చుట్టి దాచడం చేతకాని మొగుడినని ఇప్పటికే ఇక్కడి తెలుగువాళ్లందరికీ చెప్పుకుంది. నువ్వు కాస్త గుట్టుగా నేర్పావంటే, అన్నీ నాకే తోచినట్టు చేసి చూపిస్తాను.

అమెరికాలో పండగ చెయ్యడం తేలికే బావా. చేసిన పండగని దాచడమే చచ్చే చావు.

లైట్లు నరకచతుర్దశికి కట్టాం. పక్కింటాయన చూసి, క్రిస్మస్‌కి ఇంత ముందుగానా అని మెచ్చుకున్నాడు. దీపావళి వెళ్లింది, తియ్యలేదు. ఇంతలో వాళ్ల థాంక్స్‌గివింగ్ వచ్చింది, వీధంతా లైట్లు కట్టేసరికి మనవీ ఆ గుంపులో కలిసిపోయాయి. అసలు తంటా కొత్త సంవత్సరం తర్వాత మొదలైంది. ఒక్కొక్కరూ దించేసుకుంటూ వచ్చి, చివరికి మన ఇల్లొక్కటే మిగిలింది. జనవరి సగంలోగా తీసెయ్యాలని కాలనీ సంఘం కాయితం పంపింది. మీ చెల్లి ఆ కాయితాన్ని చదివి, దానిమీద పప్పుగిన్నె పెట్టింది. "సంక్రాంతి వాళ్లది కాదు, మనది. ఆ తర్వాత రథసప్తమి, శివరాత్రి, ఉగాది" అంది. చేతిలో పంచాంగం ఉన్నవాడికి ఏ నెలలోనైనా లైట్లుంచడానికి ఓ కారణం దొరుకుతుంది గానీ, జరిమానా కట్టేవాణ్ణి నేను కదా. పెద్ద పండగనాడు, మంచు పడుతుండగా, నిచ్చెనేసుకుని లైట్లు దించిన తెలుగువాడు భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ నిచ్చెన మీంచి చూస్తే ఇంకో దృశ్యం. ప్రతి ఇంటి ముందూ రోడ్డువారని ఎండిన క్రిస్మస్ చెట్టొకటి పడేసి ఉంది. మున్సిపాలిటీ బండి వచ్చి వాటిని పట్టుకెళ్లి పొట్టు చేసి తోటలకి వేస్తుంది. భోగికి వీధిలో ఎవరి కంచె కర్రలు వదులుగా ఉన్నాయో నెల ముందే లెక్క చూసుకునే మన గుంటలకి ఈ వీధి చూపిస్తే ఏమైపోతారో! నాకూ చెయ్యి దురద పెట్టింది. కానీ ఇక్కడ మంట వేస్తే ఫైరింజను ముందొస్తుంది, పోలీసు తర్వాతొస్తాడు.

ఇంతకీ మేముండేది సామాన్యమైన ఊరు కాదు. దీని పాత పేరు రారిటన్. 1954లో ఎడిసన్ అని మార్చుకున్నారు. ఆ మహానుభావుడు 1879 డిసెంబరు 31న బల్బులు వెలిగించి జనానికి చూపించిన మెన్లో పార్క్ ఈ ఊళ్లోనే ఉంది. ఆయన దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లో తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు కట్టి, చెట్టు దానంతటదే తిరిగేలా ఏర్పాటు చేశాడు. మీ నాన్న చెక్క రోలరుకి రాగి రేకులు కొట్టి, మోటారుతో తిప్పి, బల్బుల నెమలి చేత పురి విప్పించేవాడు చూడు, ఆ విద్యకి మూలపురుషుడు ఈ జాన్సనే. పత్రికలవాళ్లు చెట్టు వెలిగిన సంగతి రాశారు. ఎవరైనా కట్టిన సంగతే రాస్తారు, దించిన సంగతి రాయరు.

ఇక హెన్రీ ఫోర్డ్ సంగతి విను. ఆయనకి ఎడిసన్ అంటే దేవుడు. శిథిలమైన మెన్లో పార్క్ ల్యాబ్‌ని ఎక్కడో మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో మళ్లీ నిలబెట్టాడు. అచ్చం అలాగే ఉండాలని ఇక్కడి ఎర్రమట్టి కూడా రైలు పెట్టెల్లో వేయించుకుపోయాడు. బల్బుకి యాభై ఏళ్లు నిండిన 1929లో ఎడిసన్నే పిలిచి చూపించాడు. దీపం పుట్టిన చోటునే మట్టితో సహా ఎత్తుకెళ్లి దాచుకున్న దేశం బావా ఇది! ఇక్కడ మనకి మిగిలింది ఓ జ్ఞాపక స్తంభం, దాని నెత్తిన దాదాపు 14 అడుగుల బల్బు. జనవరి వచ్చింది దించమని దానికి ఎవరూ కాయితం పంపరు.

నా దండల దగ్గరికొస్తాను. ఇవి పాతరకం మినీ బల్బులు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, ఒక్కో బల్బు రెండున్నర వోల్టులది. యాభై వరసగా కడితే లెక్క సరిపోతుంది. వంద బల్బుల దండంటే లోపల రెండు యాభైలన్నమాట. బల్బు మాడిపోతే దాని అడుగునున్న సన్నటి తీగచుట్ట కరెంటుని దాటించేస్తుంది, మిగతావి హాయిగా వెలుగుతాయి. కానీ బల్బు బతికే ఉండి, సాకెట్లోంచి కొంచెం పైకి లేచిందనుకో, యాభై ఒక్కసారే ఆరిపోతాయి. పోయినవాడు దారిస్తాడు గానీ, పెళ్లిలో అలిగిన పెద్దమనిషిలాగా ఇంకా ఉన్నవాడే అంతా ఆపేస్తాడు. వాడెవడో కనిపెట్టాలంటే యాభైమందినీ ఒక్కొక్కరినే నొక్కి చూడాలి. ముద్దగా చుట్టి, ప్లాస్టిక్ తొట్టిలో కుక్కి, దానిమీద ఇంకో తొట్టి పెడితే అలక్కి ఏం తక్కువ?

అందుకే చుట్టడం గురించి అడుగుతున్నాను. బొటనవేలికీ మోచేతికీ మధ్య తిప్పుతుంటే, మీ గోడౌన్‌లో కుర్రాళ్లని నువ్వు తిట్టే తిట్టు వినబడుతుంది: "మోచేతికి సుట్టకురా, తీగ మెలిపడిపోతాది!" ఇక్కడ బజార్లో దీనికోసమే ప్లాస్టిక్ చక్రాలు అమ్ముతారు. నేను కొనలేదు. అమెజాన్ పెట్టె అట్టని జానెడు వెడల్పున కోసి, రెండు కొసలా గాట్లు పెట్టి, ప్లగ్గుని మొదటి గాటులో ఇరికించి చుట్టుకొచ్చాను. నువ్వు చెప్పినట్టు తోక బయటికే ఉంచాను, విప్పకుండానే వెలిగించి చూసుకోవచ్చని. అట్టమీద "గుమ్మం, ఎడమ" అని తెలుగులో రాశాను. మీ చెల్లి చూసి, ఇంట్లోంచి చూస్తే ఎడమా, వీధిలోంచి చూస్తే ఎడమా అని అడిగింది. ఆ విషయం ఇంకా తేలలేదు.

అసలు సమస్య లైట్లు కాదు, ముసిలోడు. గుంటలు ఏడిస్తే క్రిస్మస్‌కి గాలి నింపే శాంటాని కొన్నాం. ఎనిమిదడుగులు. కింద చిన్న ఫ్యాను తిరిగితే నిలబడతాడు, ఆపితే కుప్పకూలతాడు. అతన్ని తడిమీద మడిచి పెడితే బూజు పడతాడట, పూర్తిగా ఆరాకే మడవాలట. బయట మంచు. సరేనని హాల్లోకి తెచ్చి ఫ్యాను పెట్టాం. మా హాలు కప్పూ ఎనిమిదడుగులే. టోపీ కప్పుకి ఆని, తల ముందుకి వంగి, సోఫాలో కూర్చున్నవాళ్ల భుజం మీంచి చూస్తున్నట్టు నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అత్త వీడియో కాల్. "ఓలమ్మో, నీ ఎనకాల ఆ ముసిలోడెవులే?" అని ఒకటే కేక. మీ చెల్లి తాపీగా, ఆరబెట్టామమ్మా అంది. ముసలాయన్ని ఆరబెట్టడమేటని అత్త ఇప్పటికీ అడుగుతోందట కదా. నువ్వే సర్దిచెప్పు.

ఆరిన తర్వాత మడిచాం. కొన్నప్పుడు పట్టిన అట్టపెట్టెలో ఇప్పుడు అతని సగమే పడుతోంది. కాళ్లు లోపల, తలకాయ బయట.

మా బేస్‌మెంట్ చూస్తే నీ గోడౌనే నయమంటావు. ఇక్కడ ప్రతి పండక్కీ ఓ ప్లాస్టిక్ తొట్టి. క్రిస్మస్‌వి ఎర్ర తొట్టికి పచ్చ మూత, హాలోవీన్‌వి నల్ల తొట్టికి నారింజ మూత. మన పండగలకి ప్రత్యేకంగా రంగుల్లేవు గనక వినాయకుడి పాలవెల్లి, ప్లాస్టిక్ మావిడాకుల తోరణం, బంతిపూల దండలు అన్నీ నారింజ మూత తొట్టిలోనే, పుర్రెల పక్కన. ఎలుకలకి తీగలమీది ప్లాస్టిక్ అంటే మహాప్రీతి. నీ గోడౌన్‌లో పిల్లి ఉంది. ఇక్కడ పిల్లిని పెంచితే దాని తిండికి, డాక్టరుకి అయ్యే ఖర్చుతో ఏటా కొత్త లైట్లొస్తాయి.

మా ఎదురింటాయన పరిస్థితి ఇంకా ఘోరం. హోమ్ డిపో వాళ్లు 2020లో 12 అడుగుల అస్థిపంజరం ఒకటి అమ్మకానికి పెట్టారు, 299 డాలర్లు. జనం ఎగబడి కొన్నారు. హాలోవీన్ వెళ్లాక దాన్నెక్కడ పెట్టాలో చాలామందికి తోచలేదు. అక్కడే వదిలేసి, క్రిస్మస్‌కి టోపీ, ఈస్టర్‌కి కుందేలు చెవులు పెట్టి ఏడాది గడిపేస్తున్నారు. మా ఎదురింటాయనదీ అదే దారి. నిన్న మీ చెల్లి వెళ్లి దాని మెడలో బంతిపూల దండ వేసి వచ్చింది. ఆ ఇంటావిడ ఎంత మురిసిపోయిందో! నాకు మాత్రం దండేసిన అస్థిపంజరాన్ని చూడలేక కిటికీ తెర వెయ్యాల్సొచ్చింది.

మనకి ఈ దాచే గొడవే లేదు కదా బావా. మన విజయనగరం పైడితల్లమ్మ సిరిమానే చూడు. అరవై అడుగుల చింతమాను. అమ్మవారు పూజారి కలలో కనబడి ఏ ఊళ్లో ఏ చెట్టో చెప్తుంది. తెచ్చి హుకుంపేటలో చెక్కుతారు. దసరా వెళ్లిన మంగళవారం పూజారి దాని కొసన కూర్చుంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, జనం అరటిపళ్లు విసురుతారు. అదే ఇక్కడివాళ్లయితే ఒక గట్టి ఫైబర్ సిరిమాను చేయించి, అయిదు ముక్కలుగా విడదీసి, ముక్కముక్కకీ నంబరేసి, గరాజ్ కప్పుకి వేలాడదీసేవారు. మన అమ్మవారికి ఆ బెంగ లేదు, వచ్చే ఏడాది ఇంకో కల, ఇంకో చింతచెట్టు. వినాయకుడు నీళ్లలోకి, పాత సామాను భోగిలోకి, దీపావళి నాటి గోగుకాడలు బూడిదలోకి. మావిడాకుల తోరణమంటావా, ఎవడూ తియ్యడు. గుమ్మానికే ఎండి, గలగలలాడి, మళ్లీ పండక్కి కొత్తది కట్టినప్పుడు గానీ దిగదు. దించకపోవడాన్ని మించిన దాపు ఏముంది?

అలాగని దాచడం మనవాళ్లకి రాదని కాదు. అత్త బొమ్మల కొలువు పెట్టె ఉంది కదా! ఏటికొప్పాక లక్కబొమ్మలు ఒక్కోదాన్నీ అరిగిన నేతచీర ముక్కలో చుట్టి, నడుమ ఎండు వేపాకు జల్లి, దేవుళ్లని పైన, కూరగాయలమ్మిని కింద, పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ ఒకే గుడ్డలో. ఇన్నేళ్లకీ ఒక్క రంగు చెదరలేదు. ఇక్కడ అమ్మే తొట్లన్నీ దాని ముందు బలాదూర్. కాకపోతే ఎనిమిదడుగుల ముసిలోడికి సరిపడా నేతచీరలు అత్త దగ్గరా లేవు.

ఓ మాట, నీ వ్యాపారానికి పనికొస్తుంది. ఇక్కడ సామాను దాచుకోడానికి గదులు అద్దెకిచ్చే గోడౌన్లు దేశమంతా యాభై వేలకు పైనే. లైట్లు కట్టి, విప్పి, తీసుకెళ్లి, తమ దగ్గరే దాచి, మళ్లీ ఏడాది తెచ్చి కట్టే కంపెనీలూ ఉన్నాయి. అంటే నీ పనే. తేడా ఒక్కటే. అక్కడ లైట్లు నీవి, జనం ఒక్కరోజుకి అద్దె ఇస్తారు. ఇక్కడ లైట్లు జనానివి, ఏడాదంతా కాపలాకి వాళ్లే డబ్బులిస్తారు. సొంత సరుకు లేకుండా బతికే మార్గం నీ తెలివికి ఇన్నాళ్లూ తట్టకపోవడం ఆశ్చర్యమే.

ఇప్పుడు నాకు కావలసింది ఇంతే. తీగలకి ఎలుక ముట్టకుండా నువ్వేం జల్లుతావు? తుప్పు పట్టిన సాకెట్టుని ఏం పెట్టి తుడుస్తావు? ముసిలోణ్ణి నిలువుగా చుట్టాలా, అడ్డంగా మడవాలా? బేగి రాయి.

పోయినసారి అడిగావు, అమెరికా లైట్లు ఓ పది దండలు పంపమని. పంపను. ఇవి 120 వోల్టులవి, అక్కడ 230. పెట్టిన మరుక్షణం టప్పుమంటాయి. రెండేసి దండలు సీరీస్‌లో కలిపేస్తే సరి అని నువ్వంటావని తెలుసు. లెక్క కుదురుతుంది, అదే నా భయం. అలాంటి పని చెయ్యకు, ఇంట్లో పిల్లలున్నారు.

ఇట్లు,
నీ చెల్లెలి మొగుడు

తా.క. జవాబు ఇంటికి కాకుండా మా ఆఫీసు చిరునామాకి రాయి.